రామవ్వ ఇంటి తలుపు: పి.వి. నరసింహారావు దేశభక్తి భావన - ఒక పరిశీలన

పూర్వపు కరీంనగర్ జిల్లా వంగర గ్రామానికి చెందిన శ్రీ పాములపర్తి వెంకట నరసింహారావు గారిని గూర్చి వ్రాసేవారు సాధారణంగా ఆయనను ప్రధానమంత్రిగానో, ఆర్థిక సంస్కరణల కర్తగానో, బహుభాషావేత్తగానో పరిచయం చేస్తారు. 2020-21లో జరిగిన శతజయంతి ఉత్సవాలలోనూ, 2024లో భారతరత్న ప్రకటించినప్పుడూ ఇదే జరిగింది. ఆ ప్రశంసలను కాదనడం గానీ, వాటికి మరొకటి జోడించడం గానీ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నేను పరిశీలించదలచినది ఒకే ఒక విషయం: దేశం పట్ల పౌరుని బాధ్యత ఏమిటని ఆయన భావించారు? ఆ భావనకు ఆయనే ఎంతవరకు కట్టుబడి ఉన్నారు?

మొదటి ప్రశ్నకు సమాధానం ఆయన అధికార ప్రసంగాలలో కంటే, ప్రధాని పదవికి నాలుగు దశాబ్దాల ముందు వ్రాసిన ఒక చిన్న కథలో స్పష్టంగా దొరుకుతుందని నా అభిప్రాయం. ఆ కథ పేరు ‘గొల్ల రామవ్వ’.

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరిన తరువాత, వరంగల్లు నుండి వెలువడిన ‘కాకతీయ’ పత్రికను పి.వి. గారు, పాములపర్తి సదాశివరావు గారు కలిసి నడిపారు. 1949లో ‘విజయ’ అనే కలం పేరుతో ఈ కథ అందులో అచ్చయింది. కథాకాలం నిజాం పాలన చివరి రోజులు. ఒక రాత్రి, పోలీసులు వెదుకుతున్న యువకుడొకడు ఒక ముసలి గొల్ల స్త్రీ ఇంట తలదాచుకుంటాడు. ఇంట్లో ఆమె, ఆమె మనుమరాలు తప్ప మరెవరూ లేరు. వెదికేవారు ఆ గుమ్మానికీ వస్తారు. రామవ్వ అతనిని తన ఇంటివాడిగా చూపించి, వారి కళ్ళు కప్పి, అతని ప్రాణం కాపాడుతుంది. కథ ఇంతే.

ఇందులో జెండా లేదు, నినాదం లేదు. రామవ్వకు దేశభక్తి అనే మాట తెలుసునని కూడా అనుకోలేము. ఆనాటి చట్టం ప్రకారం చూస్తే ఆమె చేసినది నేరం. ప్రభుత్వం వెదుకుతున్న మనిషిని దాచిపెట్టింది. అయినా పాఠకుని దృష్టిలో ఆ రాత్రి ఆ ఊరిలో ధర్మం నిలబెట్టినది ఆమె ఒక్కతే. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో రచయిత చెప్పదలచినది ఇదే. పౌరధర్మం పాలకుని ఆజ్ఞతో మొదలు కాదు, గుమ్మం ముందు నిలబడ్డ మనిషితో మొదలవుతుంది. దాని మూల్యం ఎంతైనా ఇంటివారే చెల్లించుకోవాలి. రామవ్వ తన ప్రాణాన్నే కాదు, మనుమరాలి మానాన్ని సైతం పణంగా పెట్టింది. తెలంగాణ పల్లె ఎరిగినవారికి ఈ చివరి మాట బరువెంతో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పత్రిక పాఠకులకు ఈ భావం కొత్తది కాదు. ఆశ్రయం కోరి వచ్చినవాడు విశ్వాసి కాకపోయినా అతనికి రక్షణ ఇచ్చి, సురక్షిత స్థలానికి చేర్చమని దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో ఆదేశం ఉన్నది. అంతకంటే మనస్సును తాకే ఘట్టం సీరత్‌లో ఉన్నది. తాయిఫ్‌లో రాళ్ళ దెబ్బలు తిని తిరిగివచ్చిన దైవప్రవక్త (స)కు మక్కాలో అడుగుపెట్టే దారి లేకపోయినప్పుడు రక్షణ ఇచ్చినవాడు ముత్ఇమ్ బిన్ అదీ. ఆయన బహుదైవారాధకుడు, చివరివరకు ఇస్లాం స్వీకరించలేదు. అయినా తన కుమారుల చేత ఆయుధాలు పట్టించి కాబా వద్ద నిలబడి, ఈ మనిషి నా రక్షణలో ఉన్నాడని ప్రకటించాడు. బద్ర్ యుద్ధం తరువాత ప్రవక్త (స) ఆ మేలును తలచుకుని, ముత్ఇమ్ బ్రతికి ఉండి ఈ ఖైదీల కోసం అడిగి ఉంటే అతని కొరకు విడిచిపెట్టేవాడినని అన్నారు. గొల్ల రామవ్వను చదివినప్పుడు నాకు ముత్ఇమ్ గుర్తుకు వచ్చాడు. మతం వేరైనా మేలును మేలుగా గుర్తించడం మనకు మన ప్రవక్త నేర్పినదే కనుక, ఈ కథను మెచ్చుకోవడానికి ముస్లిం పాఠకుడు ఎవరి అనుమతి కోసమూ చూడనక్కరలేదు.

కాని మెచ్చుకోవడానికి ముందు ఒక చేదు మాట ఒప్పుకోవాలి. ఈ కథలో తలుపు తట్టి వెదికేవారు నిజాం మనుషులు. ఆ మాట రాగానే మనలో కొందరు పుస్తకం మూసివేస్తారు. రజాకార్ల దౌర్జన్యాలను శత్రువుల కల్పన అని తోసిపుచ్చడం ఒక అలవాటుగా మారింది. కాసిం రజ్వీ నాయకత్వంలో జరిగినది కల్పన కాదు. ప్రతి ముస్లిమూ పాలకుడే అని చెప్పిన ‘అనల్ మాలిక్’ సిద్ధాంతం వలన కరీంనగర్ బీడీ కార్మికునికి గానీ, నిర్మల్ టాంగావాలాకు గానీ దక్కిన రాజ్యం ఏమీ లేదు. ఆ సిద్ధాంతానికి మూల్యం మాత్రం వారే చెల్లించారు. రాజు మతమూ మన మతమూ ఒకటే అయినంత మాత్రాన రాజు చేసే అన్యాయం న్యాయం కాజాలదు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఈ మాటే వ్రాసి, 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో రజాకార్ల చేతిలో హతుడయ్యాడు. దేశభక్తికి ఉదాహరణ అడిగితే మనం దూరం వెళ్ళనక్కరలేదు. కాని మన సభలలో ఆయన పేరు ఎన్నిసార్లు వినిపిస్తున్నదో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఇంతవరకు మన లెక్క. ఇక రచయిత లెక్క చూద్దాం.

భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించినది 1948 సెప్టెంబరు 13న. 17వ తేదీన నిజాం లొంగిపోయాడు. ఆ తరువాతి వారాలలో ఏమి జరిగిందో విచారించడానికి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన బృందాన్ని కేంద్ర ప్రభుత్వం పంపింది. నవంబరు చివరి నుండి డిసెంబరు వరకు వారు సంస్థానంలో పర్యటించారు. ఎంత తక్కువగా లెక్కించినా 27,000 నుండి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారి అంచనా. ఎక్కువ నష్టపోయిన జిల్లాలుగా వారు చెప్పినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఈనాడు ఆదిలాబాద్ వైపు ఉన్న ముధోల్ తాలూకా 1956 వరకు నాందేడ్ జిల్లాలోనిదేనన్న సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియదు.

అదే నివేదికలో మరొక సంగతి కూడా ఉన్నది. ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య సోదరభావం చెడలేదని, హిందూ నేతగాళ్ళు కొన్నిచోట్ల ముస్లిం నేతగాళ్ళను కాపాడారని, అందుకు తమ ప్రాణాలనే కోల్పోయినవారూ ఉన్నారని సుందర్‌లాల్ బృందం వ్రాసింది. అపహరణకు గురైన ముస్లిం స్త్రీలను తిరిగి తీసుకురావడంలో ఎందరో హిందువులు సాయపడ్డారని కూడా పేర్కొన్నది. సిరిసిల్ల మగ్గాల చప్పుడు విన్న పాఠకునికి ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. పక్క మగ్గం మీది మనిషి కోసం చనిపోయిన ఆ పేరులేని నేతగాడు రామవ్వకు సాక్షాత్తు తోడబుట్టినవాడు.

కథ అచ్చయినది 1949లో. అంటే ఈ సంఘటనలు జరిగి ఏడాది అయినా సరిగా నిండని కాలంలో. రచయిత ఆ పోరాటానికి కొత్తవాడు కాడు. ఆదిలాబాద్ సరిహద్దుకు ఆవలనున్న చాందాలో స్టేట్ కాంగ్రెసు శిబిరంలో పనిచేసి వచ్చినవాడు. రామవ్వ తలుపు తట్టిన మొదటి యువకుని కథ ఆయన వ్రాశారు. కొద్ది నెలల తరువాత అవే తలుపులను తట్టిన రెండవ యువకుని కథ వ్రాయలేదు. ఏ రచయితా అన్నీ వ్రాయలేడు కనుక దీనిని సాహిత్యపరంగా పెద్ద లోపమని నేను అనను. అయితే ఆ రచయిత 1991 నుండి 1996 వరకు ఈ దేశానికి ప్రధానమంత్రి. ఆ పీఠం మీద కూర్చున్నవారిలో హైదరాబాదు సంస్థానపు గాలి పీల్చి పెరిగినవాడు, ఉర్దూ, పారసీ చదువుకున్నవాడు, ఈ గాయం ఎక్కడ ఉన్నదో ఎరిగినవాడు ఆయన ఒక్కరే. సుందర్‌లాల్ నివేదిక ఆయన కాలంలోనూ బీరువాలోనే ఉండిపోయింది. పరిశోధకులకు ఢిల్లీలో చూడటానికి దొరికినది 2013లో.

పి.వి. గారి దేశభక్తి ఎక్కడ మొదలైందో కూడా చెప్పుకోవాలి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలలో విద్యార్థులు వందేమాతరం పాడితే అధికారులు అభ్యంతరం చెప్పి వారిని బహిష్కరించారు. ఆ ఉద్యమంలో చేరి చదువు పోగొట్టుకున్న విద్యార్థులలో ఆయన ఒకరు. తరువాత పుణే, నాగపూరులలో చదువు పూర్తిచేసుకున్నారు. ఈ గీతంపై ముస్లింల అభ్యంతరం తెలిసినదే. 1937లో కాంగ్రెసు కార్యవర్గమే దానిని గుర్తించి, మొదటి రెండు చరణాలకు మాత్రమే పరిమితం చేసింది. అయినప్పటికీ ఒక పాట పాడినందుకు పిల్లవాని చదువు ఊడబెరకడం అన్యాయమని నేను నిస్సంకోచంగా అంటాను. నోరు మూయించిన ప్రభుత్వం ముస్లిం ప్రభుత్వమైనంత మాత్రాన ఆ అన్యాయం తగ్గదు. అలాగే, పాడించడానికి నోరు తెరిపించడం కూడా అన్యాయమే. మొదటిది అనుభవించినవారు రెండవ దానిని సులభంగా గ్రహించాలి.

ఈ విషయంలో 1986 గుర్తుంచుకోవలసిన సంవత్సరం. పి.వి. గారు కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా ఉండగా జాతీయ విద్యావిధానం పార్లమెంటు ఆమోదం పొందింది. స్వాతంత్ర్యోద్యమ చరిత్ర, రాజ్యాంగం విధించిన బాధ్యతలు, సమానత్వం, లౌకికత్వం దేశమంతటా పిల్లలందరూ చదవవలసిన ఉమ్మడి పాఠాలుగా అందులో చేర్చారు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కేసులో తీర్పు చెప్పింది. వారు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారు. జాతీయ గీతం వినిపించినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదు, బడినుండి తీసివేశారు. నిలబడి గౌరవించినవాడు పాడకపోయినా అగౌరవపరచినట్లు కాదని, వారిని తిరిగి చేర్చుకోవాలని న్యాయస్థానం ఆదేశించింది. పాఠ్యప్రణాళికలో పౌరధర్మాన్ని చేర్చిన ఏడాదే, ఆ ధర్మానికి హద్దు ఎక్కడో కూడా దేశానికి తెలిసింది. రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం సంగతీ ఇంతే. 1976లో 42వ సవరణ ద్వారా, అత్యవసర పరిస్థితిలో, హక్కులు నిద్రపోతున్న వేళ విధుల జాబితా వ్రాయడం ఒక వింత. అయినా మత, భాషా, ప్రాంత భేదాలకు అతీతంగా సోదరభావం పెంచడం ప్రతి పౌరుని విధి అని అందులో ఉన్నది. ఆ మాట నచ్చని ముస్లిం ఎవరైనా ఉంటారని నేను అనుకోను.

విద్యావిధానాన్ని గూర్చి మరికొంత చెప్పాలి, ఎందుకంటే పి.వి. గారు బాగా చేసిన పని అదే. ముఖ్యమంత్రిగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభించారు. అదే ఆలోచన పెద్దదై నవోదయ విద్యాలయాలుగా మారింది. కరీంనగర్ జిల్లాకు చొప్పదండిలో, ఆదిలాబాద్ జిల్లాకు కాగజ్‌నగర్‌లో అవి వెలిశాయి. నవోదయలో ఒక ఏర్పాటు ఉన్నది: తొమ్మిదవ తరగతిలో కొందరు పిల్లలను హిందీ ప్రాంతాల నుండి ఇక్కడికి, ఇక్కడివారిని అక్కడికి పంపుతారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు భాష రాని చోట, తెలియని వారి మధ్య ఒక సంవత్సరం బ్రతకాలి. అక్కడివారు వానిని తమవానిగా చూసుకోవాలి. దేశభక్తిని పాఠంగా వల్లెవేయించడం కంటే ఇది వెయ్యిరెట్లు మేలు. రామవ్వ ఇంటి తలుపే ఇక్కడ ప్రభుత్వ పథకమై తెరుచుకున్నదని నాకు అనిపిస్తుంది. లోపం లేకపోలేదు. సీట్లలో కనీసం మూడు వంతులు గ్రామీణులకు కేటాయించారు. అది న్యాయమే గాని, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, భైంసా వంటి పట్టణాల గల్లీలలో గుమిగూడి బ్రతికే పేద ముస్లిముల పిల్లలకు మిగిలిన దారి ఇరుకైనది. కొన్ని అల్పసంఖ్యాక వర్గాలు చదువులో వెనుకబడి ఉన్నాయని ఆ విధానమే ఒప్పుకున్నది. ఒప్పుకున్న దానికి తగిన తలుపు మాత్రం తెరవలేదు.

ఇప్పుడు 1992 డిసెంబరు 6వ తేదీకి రావాలి. దీనిని దాటవేసి పి.వి. గారి దేశభక్తిని గూర్చి వ్రాయడం నిజాయితీ కాదు.

ముందుగా ఆయనకు చెందవలసినది ఆయనకు ఇద్దాం. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనాస్థలం ఎలా ఉన్నదో అలాగే ఉండాలని చెప్పిన 1991 నాటి చట్టం ఆయన ప్రభుత్వం తెచ్చినదే. అయోధ్య వివాదాన్ని మాత్రం దాని పరిధి నుండి మినహాయించారు. మసీదు కూలుతున్న వేళ ఆయన పూజలో కూర్చున్నారన్న ప్రచారం వినికిడి మాట. వార్త తెచ్చినవాడెవరో, వార్త నిజమో కాదో విచారించమని హుజురాత్ సూరాలో మనకు ఆదేశం ఉన్నది కనుక దానిని నేను లెక్కలోకి తీసుకోను.

లెక్కలోకి తీసుకోవలసినది ఆయన స్వయంగా వ్రాసినది. ఆయన 2004లో మరణించిన తరువాత, 2006లో ‘అయోధ్య: 6 డిసెంబరు 1992’ అనే గ్రంథం ఆంగ్లంలో వెలువడింది. అందులో ఆయన వాదన సారాంశం ఇది: కట్టడాన్ని కాపాడుతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం తప్పు చేయకముందే దానిని తొలగించడానికి 356వ అధికరణం అనుమతించదు, గవర్నరు కూడా రాష్ట్రపతి పాలన వద్దనే వ్రాశారు. ఆ గవర్నరు బి. సత్యనారాయణరెడ్డి గారు. ఆయనా తెలంగాణవారే కావడం చరిత్రలో ఒక విచిత్రం. వాదనను వాదనగా చదివితే అందులో అబద్ధం కనిపించదు. న్యాయవాది తన పత్రాలన్నీ వరుసగా పేర్చి చూపినట్లు ఉంటుంది.

కాని ఈ గ్రంథాన్ని విమర్శించడానికి మరొకరి కొలబద్ద అవసరం లేదు, ఆయన కథే చాలు. నిజాం చట్టం అప్పగించమన్నది, రామవ్వ అప్పగించలేదు. రాజ్యాంగ నిబంధన వేచి ఉండమన్నదని పి.వి. గారు చెబుతున్నారు, ఆయన వేచి ఉన్నారు. రెండింటికీ తేడా ఉన్నదని, నిజాం చట్టం నిరంకుశమని, రాజ్యాంగం ప్రజలది అని ఎవరైనా అనవచ్చు. ఆ తేడాను నేనూ ఒప్పుకుంటాను. ప్రధాని రామవ్వలా చట్టాన్ని పక్కన పెట్టాలని కూడా నేను కోరడం లేదు. అయితే అదే రాజ్యాంగంలో 356కు ముందున్న అధికరణం, అంతర్గత అల్లకల్లోలం నుండి ప్రతి రాష్ట్రాన్ని కాపాడటం కేంద్రం బాధ్యత అని చెబుతున్నది. నవంబరు 23న జాతీయ సమైక్యతా మండలి ఆయన తీసుకునే ఏ చర్యకైనా పూర్తి మద్దతు ప్రకటించింది. కేంద్ర బలగాలు అయోధ్య సమీపంలోనే ఉన్నాయి. మరి ఏమి తక్కువైంది? గ్రంథమంతా వెదికినా, తలుపు అవతల నిలబడ్డ మనిషి నాకు కనిపించలేదు. హామీలు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి, అధికరణాలు ఉన్నాయి. బొంబాయిలో ఆ డిసెంబరు, జనవరి నెలలలో 900 మంది మరణించారని శ్రీకృష్ణ కమిషను లెక్క తేల్చింది. ఆయన కథలో ఒక్క మనిషి ప్రాణం కథ మొత్తాన్ని నడిపింది. ఆయన గ్రంథంలో ఇందరి ప్రాణాలు వాదన అంచున ఉండిపోయాయి. నమ్మినవారు మోసం చేశారన్న బాధ ఆయనకు ఉన్నది, అది నిజమైన బాధే. కాని అమానతు పోయినప్పుడు, ఎవరు మోసగించారో చెప్పడంతో కాపలాదారుని బాధ్యత తీరదు.

రెండు రచనల మధ్య 1998లో ‘ది ఇన్‌సైడర్’ నవల వచ్చింది. దాని మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆనంద్ అనే ఆదర్శవాది రాజకీయాలలో ప్రవేశించి, పదవుల కొట్లాటలను, భూసంస్కరణలకు ఎదురైన మోసాలను దగ్గరనుండి చూస్తాడు. ముఖ్యమంత్రిగా తాను 1972లో భూపరిమితి బిల్లు తెచ్చి, కొద్ది నెలలకే పదవి పోగొట్టుకున్న అనుభవం దాని వెనుక ఉన్నది. చదవదగిన నవలే. అయితే పేరులోనే తేడా బయటపడుతున్నది. 1949లో ఆయన దేశాన్ని గుడిసెలోనుండి చూశారు. అర్ధ శతాబ్దం తరువాత అధికారం లోపలినుండి చూశారు. ఆ లోపలి మనిషికి కుర్చీలు, వాటి వెనుక చేతులు చాలా స్పష్టంగా కనిపించాయి.

మన విద్యార్థి మండలులలో ‘గొల్ల రామవ్వ’ను చదివించాలని, వీలైతే ఎవరైనా ఉర్దూలోకి తీసుకురావాలని నా కోరిక. ఆయనకు చిన్ననాటి నుండి తెలిసిన భాష అది. చదివించేటప్పుడు సుందర్‌లాల్ నివేదికలో ఆ నేతగాళ్ళను గూర్చిన భాగాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి. 1948 అక్టోబరులో వేరొక యువకుడు, లుంగీ కట్టుకుని, ఆదాబ్ తప్ప మరో పలకరింపు తెలియనివాడు ఆ తలుపు తట్టి ఉంటే రామవ్వ ఏమి చేసేదని పిల్లలను అడగాలి. ఆమె తలుపు తీసేదనే నా నమ్మకం. ఆ రామవ్వను సృష్టించినవారు పి.వి. గారే కనుక, ఈ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.